వార్డు నుంచి కాల్

"శబ్దం సంగతి తర్వాత చూద్దాంలేమ్మా. ముందు నా బొమ్మ అవతలివాళ్ళకి సరిగ్గా కనపడుతుందో లేదో చూడు," అన్నాడు కండక్టరు.

టీచరుకు చిర్రెత్తుకొచ్చింది. లైబ్రరీ మేడ మీది గదిలో పెద్దవాళ్ళకు ఫోను వాడకం నేర్పడం ఆమె పని. భయపడేవాళ్ళను చూసింది, చెప్పింది చెప్పినట్టే మరిచిపోయేవాళ్ళను చూసింది. ఇంత మొండి మనిషిని మాత్రం ఇదే చూడటం.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పేపరు చదవడానికి లైబ్రరీకి వస్తాడు. ఆయన పలకరిస్తే మేడ మీద కిటికీలు అదురుతాయని అందరూ నవ్వుకునేవారు. నిన్నటి నుంచి ఆ గొంతు పీలగా అయిపోయింది.

నిన్న ఆయన భార్యను అంటుజబ్బుల వార్డులో చేర్చారు. లోపలికి ఎవరినీ పోనివ్వరు. ఆవిడేమో ఆక్సిజన్ మాస్కు లాగి పారేస్తోంది. సూది వెయ్యబోతే చెయ్యి విదిలించుకుంటోంది. సాయంత్రంలోగా మందు ఎక్కకపోతే కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఇంకాసేపట్లో నర్సు వీడియో కాల్ చేసి ఫోను ఆవిడ ముందు పెడుతుంది. నచ్చజెప్పడానికి అదొక్కటే అవకాశం. అప్పటిదాకా బటన్ల ఫోనే ఎరిగిన కండక్టరు, పొద్దున్నే కొత్త ఫోను కొనుక్కుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"ఇదిగో బాబాయ్ గారూ, ఈ పచ్చ గుర్తు నొక్కితే కాల్ కలుస్తుంది. ఎర్రది నొక్కితే తెగిపోతుంది. ఈ మైకు బొమ్మ మీద గీత పడిందంటే మీ మాట అటు పోదు. మీకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే."

"పచ్చది నొక్కాలి, ఎర్రది ముట్టుకోకూడదు. సరే. మరి ఇది దానంతటది నిలబడాలంటే ఎట్లా?"

"చేత్తో పట్టుకోండి."

"చేత్తో అయితే కుదరదమ్మా."

వయసు మీదపడి చేతులు నిలవవు కాబోలు అనుకుంది టీచరు. ఆయన తన మంచినీళ్ళ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఫోనును దానికి ఆనించాడు. కుర్చీ జరుపుకుని కిటికీకి ఎదురుగా కూర్చున్నాడు.

"నడుం దాకా కనపడుతున్నానా?"

"ముఖం కనపడితే చాలదా?"

"చాలదు," అన్నాడు కండక్టరు. కుర్చీ ఇంకాస్త వెనక్కి లాక్కున్నాడు. "అక్కడ అందరూ మూతులు కట్టుకుని మీద మీదకి వస్తుంటే బెదిరిపోదూ? ఎవరేమంటున్నారో తెలియదాయె. అది కాదమ్మా, మా ఆవిడకి అసలు..."

"భయం ఎక్కువ. నాకర్థమైందండీ. అందుకే మీ గొంతు వినిపిస్తే కుదుటపడతారు. ఏదీ, నా ఫోనుకి చేస్తాను, ఒకసారి మాట్లాడండి."

"హలో," అన్నాడాయన.

టీచరు తన ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఏమీ వినపడలేదు.

"గట్టిగా."

"హలో!"

అంత పెద్ద కేకా గదిలోనే ఉండిపోయింది. ఆమె ఫోనులోంచి చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. గీత లేదు, మైకు గుర్తు బాగానే ఉంది. ఫోను ఆపి మళ్ళీ తెరిచింది. అదే వరస. కొత్త ఫోను, ఈ వేళే చెడిపోవాలా?

అంతలోనే అది మోగింది. వార్డు నుంచి.

ఆమె చెయ్యి చాపేలోపే కండక్టరు పచ్చ గుర్తు నొక్కేశాడు. తెర మీద బక్కపలచటి మనిషి. జుట్టు చెదిరిపోయింది. గుప్పిట్లో మాస్కు. ఆమె కళ్ళు ఎక్కడా నిలవకుండా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

"ఆగండి బాబాయ్ గారూ! మీ మాట అటు పోదు. ఇది పెట్టేసి నా ఫోను నుంచి..."

"ముట్టుకోకు!" కిటికీ నిజంగానే అదిరింది. వెంటనే ఆయన గొంతు తగ్గించాడు. "పక్కకి తప్పుకో తల్లీ. వెలుతురుకి అడ్డం వస్తున్నావు."

ఆయనతో వాదించి లాభం లేదు. టీచరు తన ఫోనూ, ఆయన తెచ్చిన ఆసుపత్రి చీటీ పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. చీటీ మీదున్న వార్డు నంబరు కలిపింది. మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. మూసిన తలుపు అద్దంలోంచి ఆయన వీపు కనపడుతోంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. లోపలి నుంచి మాట మాత్రం లేదు. ఏడుపు గొంతుకు అడ్డం పడింది కాబోలు అనుకుంది. ఆమెకూ కళ్ళు చెమర్చాయి. ఉన్న కాసింత సమయమూ ఇలా చేతులారా పోతోందే! ముందే తన ఫోను ఇచ్చి ఉంటే సరిపోయేది కదా!

చివరికి ఎవరో ఎత్తారు.

"అమ్మా, ఆ వీడియో కాల్‌లో శబ్దం రావట్లేదు. దయచేసి అప్పుడే వెళ్ళిపోకండి, వేరే ఫోను నుంచి మళ్ళీ..."

"ఆ పెద్దావిడ కాలా? మళ్ళీ ఎందుకండీ?" అంది అవతలి నర్సు. "ఇప్పుడే మాస్కు పెట్టించుకుంది. సూదికి తనంతట తనే చెయ్యి చాపింది. నిన్నటి నుంచి మా తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి. ఏం చెప్పాడో ఏమో మహానుభావుడు!"

టీచరు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. తెర నల్లగా ఉంది. కండక్టరు జేబురుమాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

"మందు ఎక్కుతోందట బాబాయ్ గారూ," అంటూ ఎదురుగా కూలబడింది. "కానీ మీరన్నది ఒక్క ముక్క కూడా అటు చేరలేదు. మరి ఆవిడ ఎలా ఒప్పుకున్నారు?"

నిన్నటి నుంచి మొదటిసారిగా ఆయన నవ్వాడు.

"పొద్దుట్నుంచీ చెప్పబోతూనే ఉన్నానమ్మా," అన్నాడు.

"మా ఆవిడకి పుట్టుకతోనే వినపడదు."