కవిత వంతు పాట

“ఇయ్యాల కవిత వంతు. తప్పించుకునేది లేదు,” అంటూ పుష్ప స్పీకర్‌ను డాబా పిట్టగోడ మీద పెట్టింది.

కొత్తగూడెంలోని ఆ లేడీస్ హాస్టల్‌లో ఆదివారం బట్టలుతికే రోజు. పుష్ప, మహిమ, కవిత ఒకే గది వాళ్లు. ఉతికినంతసేపూ ఒకరి ఫోన్‌లోంచి పాటలు రావాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. పుష్ప వంతైతే డాన్స్ పాటలు, మహిమ వంతైతే చర్చి పాటలు. కవిత మాత్రం చార్జింగ్ లేదనో, డ్యూటీ ఉందనో ప్రతిసారీ దాటేసేది.

“పొద్దుగూకితే చెవుల్ల ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని గోడ దిక్కు తిరుగుతవ్. గంతగనం ఏం వింటవే?” అంది పుష్ప.

“ఏవో మెలోడీలు.”

“గా మెలోడీలే మాకూ ఇనిపియ్.”

జూలూరుపాడు అవతలి లంబాడీ తండాలో డిగ్రీ చదివిన మొదటి మనిషి కవిత. ఇక్కడ ఒక ప్రైవేటు ఆస్పత్రిలో బిల్లింగ్ కౌంటర్‌లో పని. పాత హాస్టల్‌లో ఒకసారి తండా పాట పెడితే, గదిలోవాళ్లు చున్నీలు తలకు కప్పుకొని గుండ్రంగా ఎగురుతూ నవ్వారు. ఆ తర్వాత ఆమెను పేరుతో పిలిచిన వాళ్లు లేరు. వీళ్లిద్దరూ పేరు పెట్టి పిలుస్తారు. ఆలస్యంగా వస్తే అన్నం తీసి పెడతారు. వీళ్లూ దూరమైతే తనకు ఇంకెవరూ లేరు.

అందుకే అందరూ వినే సినిమా పాట ఒకటి నిన్ననే డౌన్‌లోడ్ చేసుకుంది. అదే పెట్టింది.

“అబ్బ, గిదా! నేనింకా ఏందో అనుకున్న,” పుష్ప నురగ చేతులతోనే తాళం వేసింది. “మా మామ కొడుకు బొగ్గుబాయిల జాబ్ చేస్తడు. నీ ఫోటో పంపనా? వాడు వాగుడుకాయ, నువ్వు మూగదానివి. మంచిగ కుదురుతది.”

కవిత నవ్వి, తడి దుప్పటి పిండసాగింది.

మహిమకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. “తిన్ననమ్మా, తిన్న... పొద్దుగాలనే కదా అడిగినవ్,” అని పెట్టేసింది. “మీ అమ్మ చెయ్యదేందే కవితా? తీజ్‌కు గూడ ఊరికి పోకపోతివి. పెళ్లికాని పిల్లల పండుగ అంటివి కదా.”

“లీవ్ దొరకలే. తండాల సిగ్నల్ గూడ ఉండదు,” అంటూ కవిత దుప్పటి ఆరేయడానికి అవతలికి వెళ్లింది.

పాట అయిపోయింది. ఫోన్ దానంతట అదే తర్వాతిది అందుకుంది.

ఆడగొంతు. వాయిద్యం లేదు. ఏడుపు సాగి, విరిగి, మళ్లీ రాగంలోకి వస్తోంది.

“అమ్మో, ఎవలో సచ్చిపోయిండ్రు!” పుష్ప పగలబడి నవ్వింది. “గిదానే నీ మెలోడీ?”

కవిత దుప్పటి వదిలేసి పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఫోన్ మహిమ చేతిలో ఉంది. మహిమ పాట ఆపలేదు.

“నవ్వకు పుష్పా. కవితా, మీవాళ్లు ఎవరన్న పోయిండ్రా?”

“ఎవ్వరూ పోలే,” అంది కవిత. “మా పెళ్లి పాట అది. ఢావ్లో అంటం. అత్తగారింటికి పోయేటప్పుడు పెళ్లిపిల్లనే అందర్నీ పట్టుకొని ఏడ్సుకుంట పాడుతది.”

“పెళ్లిల గింత ఏడుపా?” పుష్ప నవ్వు ఆగిపోయింది. “మా అక్క పెళ్లిల మేం డీజే కాడ ఎగురుడే ఎగురుడు.”

స్పీకర్‌లో ఇంకో గొంతు లేచింది. పెద్దావిడది. మొదటి గొంతుకు జవాబు చెబుతున్నట్టుగా ఉంది.

“గీమె ఎవరు?” అంది మహిమ.

“మా యాడి. మా అమ్మ.”

“ఎంత ప్రేమ చూడే గొంతుల!” మహిమ చెంగుతో కళ్లు తుడుచుకుంది. “అంటే పెళ్లిపిల్ల మీ అక్కనా?”

ఇద్దరూ ఆమె వైపే చూస్తున్నారు. కవిత తల వంచుకొని, అమ్మ గొంతు ఆగేదాకా విన్నది.

“నేనే.”