గొట్టాలు కోయని గుండెకాయ

కొట్టు మెట్లెక్కిన రోజు ఆమె చేతిలో ఉన్నవి మూడే. లాప్‌టాప్ సంచి, ఇంకా విప్పని రబ్బరు తొడుగుల జత, రంగుల బొమ్మల పుస్తకం. మాంసం కొట్టాయన కళ్లతోనే తూకం వేసేశాడు. సరుకు తక్కువ, సంచి ఎక్కువ.

"పొట్టేలు గుండెకాయ కావాలండీ. గొట్టాలు కోయకుండా ఇస్తారా?"

"గొట్టాలతో ఏం వండుతావమ్మా?"

"వండటానికి కాదండీ. ఫిజియాలజీ ల్యాబ్‌కి. మాది ఆన్‌లైన్ కాలేజీ. ఎవరింట్లో వాళ్లు కెమెరా ముందు కూర్చుని కోయాలి."

తక్కెడ దగ్గరున్న బావమరిది పకపకా నవ్వాడు. "ఫోన్లో ఈత నేర్చుకున్నట్టు ఉంది బావా యవ్వారం."

"ఈతే నయంరా. మునిగితే వాళ్లొక్కరే మునుగుతారు. ఈ చదువు చదివినవాళ్లు రేపు మన మంచం పక్కన నిలబడతారు."

కళ్లద్దాలు పెట్టుకున్న ఆమెకు నలభై దాటి ఉంటాయి. ఈ వయసులో ఈ తిప్పలేమిటని కొట్టాయన అడిగితే "తప్పదండీ" అని తల వంచుకుంది.

గుండెకాయను మొద్దు మీద పెట్టాడు. ఆమె పుస్తకం తెరిచి, బొమ్మనూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇందులో నీలం గొట్టం ఏదండీ?"

కొట్టాయన కత్తి కింద పెట్టాడు. "నీలమా?"

"పుస్తకంలో కొన్ని ఎర్రగా, కొన్ని నీలంగా ఉన్నాయి కదా."

"అచ్చేసినవాడి దగ్గర రెండు రంగుల సిరా ఉందమ్మా. పొట్టేలు దగ్గర లేదు."

బావమరిది మళ్లీ నవ్వబోయి, ఆవిడ కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయాడు.

"రెండుసార్లు అందరి ముందూ కుడి గది కోసి ఎడమ అన్నానండీ. శనివారం ప్రిన్సిపాల్ గారు కూడా చూస్తారట. ఈసారీ తడబడితే కాలేజీ నుంచి తీసేస్తామన్నారు. ఇంట్లో మా అమ్మా నేనూ. ఇద్దరం దీన్నే నమ్ముకుని ఉన్నాం."

"మరి ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టావు?"

"కంప్యూటర్లో కోసేదాన్నండీ. నెత్తురుండదు, వాసనుండదు. తప్పు చోట కోస్తే వెనక్కి తెచ్చే మీట ఉంటుంది."

"నా కత్తికి ఆ మీట లేదు. రేపు మధ్యాహ్నం బేరాలు లేని వేళ రా."

ఆయన ఏ కాలేజీ గడపా తొక్కలేదు. కానీ తనిఖీకి వచ్చే పశువుల డాక్టరు కోస్తూ చెప్పిన ప్రతి మాటా ముప్పై ఏళ్లుగా మూటగట్టుకున్నాడు. ఊరికే వచ్చిన సరుకును వదిలేవాడు కాదు.

మంగళవారం ఆమె ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చింది. రుమాలు తీస్తేనే కత్తి ఇస్తానన్నాడు. తీసింది. వెళ్లి గుమ్మం పక్కన వాంతి చేసుకుంది. మూతి కడుక్కుని మళ్లీ మొద్దు దగ్గరికి వచ్చింది.

"పుస్తకం మూసెయ్. బొమ్మలో ఎదుటి మనిషి గుండె వేస్తారు. ఎదుటివాడి ఎడమ నీకు కుడివైపు ఉండదూ? అందుకే బోల్తా పడుతున్నావు. చేత్తో నొక్కి చూడు. మెత్తగా లొంగేది కుడి. అది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు. గట్టిగా ఎదురుతిరిగేది ఎడమ. ఒళ్లంతటికీ తోయాల్సింది అదే. అందుకే దాని గోడ మందం."

ఆమె నొక్కింది. మళ్లీ నొక్కింది. మొదటిసారి ఆ ముఖంలో ఏదో వెలిగింది.

బుధవారం పెద్ద గొట్టంలో నీళ్లు పోయించాడు. నీళ్లు గుండెలోకి దిగలేదు. లోపలి తలుపులు మూడూ గభాలున మూసుకున్నాయి. ఆమె వంగి, కళ్లద్దాలు జారిపోతున్నా పట్టించుకోకుండా, చాలాసేపు చూసింది.

"చదివాను కానీ..." అని ఆగింది.

"చదివావు. మీకు పాఠం చెప్పే మేడం ఎవరోగానీ, జన్మలో గుండెకాయ ముట్టుకుని ఉండదు."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ముట్టుకోలేదండీ" అంది నెమ్మదిగా.

"చూశావుట్రా బావమరిదీ? వంట రానిదాని దగ్గర వంట నేర్చుకోవడానికి వందలమంది క్యూ."

గురువారం మూడుసార్లు తిట్టాడు. శుక్రవారం తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఆమె కోసింది కోసినట్టే విప్పి, నెత్తురు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో వేలితో చూపించింది. బావమరిది నోరు తెరుచుకుని విన్నాడు. గొట్టాలు కోయని ఐదో గుండెకాయను కొట్టాయన స్వయంగా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"ఇక్కడ నేర్చుకున్నానని మాత్రం చెప్పకమ్మా. మళ్లీ తప్పావంటే నా కొట్టు పరువు పోతుంది."

శనివారం పదింటికి ఆమె వంటగదిలో బల్ల మీద పళ్లెం సర్దుకుని కెమెరా వైపు తిప్పింది. తెర మీద ఒక మూల ప్రిన్సిపాల్ ముఖం, మిగతా చిన్న గళ్లలో క్లాసంతా. పక్క గదిలో వాళ్లమ్మ దగ్గు కూడా బిగబట్టుకుని కూర్చుంది.

ఆమె గుండెకాయను చేతిలోకి తీసుకుని నొక్కింది. ఏది ఎడమ గదో చెప్పింది. కోసింది. అది ఎడమ గదే. నీళ్లు పోసింది, తలుపులు మూసుకున్నాయి. ఇరవై నిమిషాల్లో ఒక్కసారి కూడా పుస్తకం వంక చూడలేదు.

ప్రిన్సిపాల్ ఏదో రాసుకుని, "ఇక ఫర్వాలేదు" అని తెర మీంచి తప్పుకున్నాడు.

మొత్తం మీద ఐదు గుండెకాయలు, ఒక వాంతి, లెక్కలేనన్ని చీవాట్లు పెట్టుబడిగా పెట్టి ఆమె దక్కించుకున్నది, పదకొండేళ్లుగా ఆ కాలేజీలో ఫిజియాలజీ చెబుతూ తాను చేస్తున్న లెక్చరర్ ఉద్యోగం.