బజ్జీల వీధి ఒప్పందం

బజ్జీలు వేయించగా మిగిలిన నూనెతో విమానాలు ఎగరడం మొదలయ్యాక అమలాపురం బజ్జీల వీధికి ఎక్కడలేని గిరాకీ వచ్చిపడింది. ఆ వీధిలో అందరికంటే పెద్ద మూకుడు నూకాలమ్మది. ఒకరోజు పొద్దున్నే రెండు దేశాల రాయబారులు ఆమె కొట్టు ముందు కార్లు దిగారు.

"మీ వీధికి మా సైన్యం కాపలా ఉంటుందమ్మా" అన్నాడు మొదటాయన.

"వాళ్లకంటే మా సైన్యం పెద్దది" అన్నాడు రెండో ఆయన.

నూకాలమ్మ మొగుడి వైపు చూసింది. చిట్టబ్బాయి ఇరవై ఏళ్లు గల్ఫులో చమురు బావుల దగ్గర పనిచేసి వచ్చినవాడు. ఉల్లిపాయలు తరుగుతూనే చెప్పాడు.

"అక్కడి ముసలాళ్లు చెప్పేవారే. పరాయి దేశాలవాళ్లు ముందు టీ తాగడానికొచ్చారట, తర్వాత కాపలాకొచ్చారట, ఆ తర్వాత మ్యాపు పరిచి గీతలు గీశారట. చివరికి ఊళ్లోవాళ్లు తమ బావి దగ్గరకెళ్లాలన్నా పాసు చూపించాల్సొచ్చిందట."

నూకాలమ్మ మూకుడు దించేసింది. మర్నాటి నుంచి వీధి వీధంతా ఇడ్లీలే. కాకినాడ, రాజమండ్రి కొట్లు కూడా ఆమె దారే పట్టాయి. జనం సణిగారు. బజ్జీలు వెయ్యకుండా ఆమెకూ చెయ్యి ఊరుకోలేదు, అయినా పట్టు విడవలేదు.

తొమ్మిదో రోజుకి విమానాలు నేలమీద కూర్చున్నాయి. పదో రోజు రాయబారులు సైన్యం ఊసెత్తకుండా, చేతుల్లో ఖాళీ డబ్బాలతో వచ్చారు.

"లైనులో నిలబడండి. ముందు బజ్జీ తినాలి, ఆ తర్వాతే నూనె" అంది నూకాలమ్మ, పొయ్యి వెలిగిస్తూ.

మిరపకాయ కొరికేసరికి ఇద్దరికీ కళ్లనీళ్లు తిరిగాయి. కొట్లో మిగిలింది ఒక్క గ్లాసు నీళ్లే. మొదటాయన సగం తాగి, కాసేపు ఆలోచించి, మిగతాది రెండో ఆయనకిచ్చాడు. ఆ రెండు దేశాల మధ్య కుదిరిన మొదటి ఒప్పందం అదే.