బొచ్చె చేప చేదుకట్టు

“చేదుకట్టేదే?” అంటూ కనకమ్మ చేప కడిగిన నీళ్ళు తెచ్చి కోడలి ఒళ్ళో కుమ్మరించింది.

గంగాదేవి కత్తిపీట దగ్గరినుంచి లేవలేదు. “ఆ పసరుతిత్తి బూడిదలో పారేసేనండీ అత్తయ్యగారూ.”

“అయిదు కేజీల బొచ్చె. ముక్కల కోసం తెప్పించేననుకున్నావా? చేదు మింగితే తీపి విరుగుతుందని ఊరంతా చెబుతోంది. నా సుగరు తగ్గితే నీకేవిటే నష్టం?”

మొన్న అమలాపురంలో కనకమ్మ మూత్రంలో నీలంమందు పోసి కాస్తే ఇటుకరంగు తిరిగింది, సుగరుందన్నారు. అప్పటినుంచి ఆవిడకి ఇదే ధ్యాస. ఏ చేప వచ్చినా కోడలు ముందు చేదుకట్టు తీసి పారేస్తూనే ఉంది.

“అది విషమండీ. చేప కార్జంలో ఊరే పసరు వేరు, మనిషి పసరు వేరని కాకినాడ డాక్టరుగారు చెప్పేరు. ఉడకబెట్టినా విరగదంట. మా నాన్న అది మింగే కదండీ, మూత్రం బిగిసిపోయి ఆరోనాడు పోయేరు.”

“మీ నాన్న పోయింది చేదుకట్టు మింగి కాదే. నీలాంటి గొడ్రాలిని కన్న పాపానికి.”

గంగాదేవి చేతులు ఆగిపోయాయి. తననెన్ని అన్నా ఏడేళ్ళు పడింది. చుక్క మూత్రం కోసం తండ్రి గోడ పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఆమె చెవుల్లో ఇంకా ఉంది. ఓర్పు కూడా ఆ చేదుకట్టులాంటిదే మరి. పైన ఉన్నది పలచని పొర, ఎప్పుడో ఒక గోరు తగులుతుంది.

లేచి బూడిద కెలికింది. బొటనవేలంత ఉంది, ముదురాకుపచ్చగా, చిట్లకుండా. కడిగి, అరిటాకు ముక్కలో పెట్టి అత్తగారికి అందించింది.

“పచ్చిదే మింగాలంటండీ. బెల్లంముక్కలో పెట్టుకుని.”

“ఇప్పుడొచ్చేవు దారికి.” కనకమ్మ ఆకు మడిచి, బెల్లం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

గంగాదేవి పులుసు పెట్టింది. ఆరు రోజులు, అనుకుంది.

మధ్యాహ్నం మొగుడు వీరబాబు కొబ్బరితోటనుంచి వచ్చాడు. తల్లి పిలిస్తే గదిలోకి వెళ్ళి, కాసేపటికి వచ్చి పీటమీద కూర్చున్నాడు. పులుసు కలిపి ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

“ఉప్పు తక్కువైందాండీ?”

“కాదే, నోరంతా చేదు. తన సుగరు నాకు రాకూడదంటూ అమ్మ తన మందు నాచేత మింగించింది. నీకు చెప్పొద్దంది.”