పొడి తల

ఇంగ్వార్ తల ఈమధ్య పొడిగా ఉంటోందని పక్కింటి థోర్డీస్ బేకరీలో అన్నదట. ఊరికే కూడా అనలేదట, నిట్టూర్చి మరీ అన్నదట. బేకరీవాడు ఆ మాటను రొట్టెతోపాటు పొట్లం కట్టి ఊరంతా పంచాడు. సాయంత్రానికల్లా అది తిరిగి తిరిగి ఇంగ్వార్ చెవినే పడింది.

ఐస్‌లాండ్ ఉత్తరపు ఒడ్డునున్న ఆ రేవు ఊళ్లో దాని అర్థం పసిపిల్లలక్కూడా తెలుసు. ఈతకొలను పక్కన ఒక వేడినీళ్ల తొట్టి ఉంది. పనులు ముగిశాక జనం మెడల దాకా అందులో దిగి కూర్చుని కబుర్లాడుకుంటారు. నీళ్లలోకి కాగితం, కలం తీసుకెళ్లడం కుదరదు గనక నవలలు రాసే ఇంగ్వార్ విన్నది విన్నట్టు బుర్రలో పెట్టుకుని ఇంటికి పరిగెత్తేవాడు. తల తుడుచుకుంటే మాటలు కూడా తుడిచిపెట్టుకుపోతాయని అతని నమ్మకం. తడి జుట్టు దారిలోనే గడ్డకట్టి ముళ్లపంది వీపులా నిలబడేది. అది చూసినవాళ్లు, ఇవాళ ఇతనికి ఒక అధ్యాయం దొరికిందని చెప్పుకునేవాళ్లు.

అలా ఏడాదికొక హత్యల నవల వచ్చేది. క్రిస్మస్ కానుకగా అది అందని ఇల్లు ఊళ్లో ఉండేది కాదు. ఈ ఏడు మాత్రం ఒక్క పేజీ కూడా కదల్లేదు. నెలాఖరుకు రాతప్రతి అందకపోతే క్రిస్మస్ పుస్తకాల్లో అతని చోటు ఇంకొకరికి ఇచ్చేస్తానని రేక్యవిక్ నుంచి ప్రచురణకర్త ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు.

"తొట్టిలో ఎవరూ నోరు విప్పడం లేదయ్యా. అది నా తప్పా?" అన్నాడు ఇంగ్వార్.

"నీదే అయ్యుంటుంది," అన్నాడు ప్రచురణకర్త.

ఆలోచిస్తే ఇంగ్వార్‌కీ అలాగే అనిపించింది. వసంతంలో భార్య సోల్వేగ్ అలిగి అకురేరి పట్నంలోని తన అక్క దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాతే తొట్టి మూగబోయింది. జనం ఆవిడ పక్షం చేరారన్నమాట. లేదా పోయినేటి నవలలో తమ బండారం బయటపెట్టాడని కోపం పెట్టుకున్నారన్నమాట. ఏదైనా సరే, వెళ్లి క్షమాపణ చెప్పుకుందామని తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు. ఇంతవరకూ ఎవరికీ క్షమాపణ చెప్పి ఎరగడు గనక దారి పొడుగునా మాటలు కూడబలుక్కున్నాడు.

"నీళ్లలో దిగేముందు ఒళ్లు సబ్బుతో కడుక్కున్నావా?" అన్నాడు కొలను కాపలా మనిషి.

ఊహ తెలిసినప్పటినుంచీ ఇక్కడే ఈదే మనిషిని అడగవలసిన ప్రశ్నేనా అది? వీడికీ నా మీద కోపమే అనుకుని, ఇంగ్వార్ వెనక్కి వెళ్లి మళ్లీ కడుక్కుని వచ్చాడు.

తొట్టిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు పడవ నడపడం మానేసిన ముసలి ఓద్దుర్, ఇంకొకరు పోస్టాఫీసు స్టైనున్. సన్నటి మంచు జల్లు ఆవిరిలో పడి కరిగిపోతోంది.

"చలిగా ఉంది," అన్నాడు ఓద్దుర్.

"చలే మరి," అంది స్టైనున్.

"రేపూ ఉంటుందట."

"ఉండకేం చేస్తుంది."

ఇంగ్వార్ కాసేపు ఓపికపట్టాడు. చలి గురించి ఇద్దరికీ ఇంకేమీ తోచలేదు.

"ఓద్దుర్, పడమటి తీరంలో మీ బాబాయి కొడుకు తన బావమరిదిని పడవలోంచి తోసేశాడన్నావు. తర్వాతేమైంది?"

"వాడా? వాడు బానే ఉన్నాడు. మోకాలు నొప్పట."

"మరి స్టైనున్, విగ్గూ కత్తీ ఉన్న ఆ పార్సిల్ కోసం చివరికి ఎవరొచ్చారు?"

"పార్సిలంటే నిన్న గొర్రెల మందు వచ్చింది. మందు కోసం గొర్రెలాయన వచ్చాడు."

తాము చెప్పిన సంగతులనే మరిచినట్టు నటించేంత కోపమన్నమాట. ఇంగ్వార్ గొంతు సవరించుకున్నాడు.

"చూడండి, నాకంతా తెలుసు. నన్ను నమ్మి మీ ఇళ్లల్లో నేరాలూ ఘోరాలూ చెప్పుకున్నారు. నేను వాటిని అచ్చేసి అమ్ముకున్నాను. ఊరు చెప్తుంది, నేను రాస్తాను అని రేడియోలో గొప్పగా చెప్పుకున్నానే గానీ, ఊరి మనసు ఏమవుతుందో ఆలోచించలేదు. తప్పే. క్షమించండి. కావాలంటే పాత పుస్తకాలన్నిట్లో పేర్లు మార్పిస్తాను. మళ్లీ మామూలుగా మాట్లాడండి. ఈ క్రిస్మస్‌కి పుస్తకం రాకపోతే నన్నింక మర్చిపోవడమే."

ఓద్దుర్ స్టైనున్ వైపు చూశాడు. స్టైనున్ నీళ్లవైపు చూసింది.

"పాపం, చెప్పేద్దామా?" అన్నాడు ఓద్దుర్.

"ఒట్టేయించుకుంది కదా."

"ఆవిడే వెళ్లిపోయాక ఇంకా ఒట్టేమిటి తల్లీ."

"ఎవరు, సోల్వేగా?" అన్నాడు ఇంగ్వార్. "మా ఆవిడ సంగతి ఇక్కడెందుకు? నా రాతల గురించి ఆవిడకేం తెలుసు. ఇన్నేళ్లలో నా పుస్తకం ఒక్క పేజీ తిప్పలేదు."

ఓద్దుర్ గడ్డం దాకా నీళ్లలోకి జారి, కళ్లు మూసుకున్నాడు.

"తిప్పడమెందుకబ్బాయ్? ఆదివారమొస్తే మమ్మల్ని కూర్చోబెట్టి, కాఫీ పోసి, ఆ వారం తొట్టిలో నీ ముందు ఎవరేం చెప్పాలో బట్టీ పట్టించిందే ఆవిడ."