సాలమ్మ ఇంటి పిల్ల

"పేజీ పేజీకీ నూనె మరకలే! ఇది లైబ్రరీ పుస్తకమా, బజ్జీల పొట్లమా?" అంటూ దామోదర్ గారు నవలను విసురుగా బల్ల మీద పడేశారు.

నాచారంలోని ఆ కాలనీ లైబ్రరీకి ఆయన సెక్రటరీ. సైంటిస్టుగా రిటైరయ్యారు గానీ, ఎదుటివాళ్లకు పరీక్షలు పెట్టే అలవాటు మాత్రం రిటైర్ కాలేదు. బల్లకు అవతల లైబ్రేరియన్ నీరజ. పక్కనే చేతిసంచీ పట్టుకుని సాలమ్మ. మల్లాపూర్ ఫ్యాక్టరీల షిఫ్టు వదిలే వేళకు రోడ్డు మలుపులో నిలబడే మిర్చిబజ్జీల బండి ఆమెదే.

నీరజ పుస్తకం అందుకుని మొదటినుంచి చివరిదాకా తిప్పింది.

"ఒక్క కాగితమైనా చిరగలేదు సార్. మరకలున్నాయంటే ఎవరో చదివారన్నమాట. మీరు పట్టుబట్టి కొనిపించిన ఎంట్రన్స్ గైడ్లు చూడండి, కొన్న రోజు ఎలా ఉన్నాయో ఇప్పటికీ అలాగే మెరుస్తున్నాయి."

దామోదర్ గారి మొహం మాడిపోయింది.

"మరకల సంగతి వదిలేయండి. లోపల కథేమిటో తెలుసా? పదో తరగతి పిల్ల పెళ్లిచూపుల్లోంచి లేచి, మగపెళ్లివారి మొహం మీదే నాకీ పెళ్లి వద్దు పొమ్మంటుంది! పదిహేనేళ్ల పిల్లకు ఇవ్వాల్సిన పుస్తకమేనా ఇది?"

"పదిహేనేళ్ల పిల్లకే ఇవ్వాల్సిన పుస్తకం."

టీనేజీ పిల్లల కోసం ఒక బీరువా పెట్టించడానికి నీరజ కమిటీతో ఏడాది పొడుగునా పోట్లాడింది. ఏ పిల్లకు ఏ పుస్తకం నచ్చుతుందో చెప్పడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. కానీ సాలమ్మ ఇంటి పిల్లను మాత్రం ఇంతవరకూ కళ్లారా చూడలేదు. "మా ఇంట్ల ఒక పిల్లున్నది మేడం, పదిహేనేండ్లు. మంచి కతల పుస్తకం ఇయ్యి" అంటూ ప్రతి శనివారం సాలమ్మే వస్తుంది. చదివి పిల్ల ఏమందో కూడా ఆమే చెబుతుంది. "మొన్నటి బుక్కుల పిల్ల ఊకె ఏడుస్తదంట. జర ఏడ్వని పిల్ల కత కావాల్నంట." దాన్నిబట్టి నీరజ ఇంకోటి వెతికి ఇస్తుంది. కిందటి శనివారం మాత్రం సాలమ్మ గొంతు బాగా తగ్గించి అడిగింది. "పెండ్లొద్దని ఎదురు తిరిగిన పిల్ల కత ఉంటే ఇస్తవా?"

నీరజ నవల ఇచ్చి పంపింది గానీ, ఆ రోజు నుంచీ ఆమెకు ఒకటే దిగులు. ఆ పిల్లకు ఇంట్లో పెళ్లి కుదురుస్తున్నారా?

దామోదర్ గారు సాలమ్మ మీదికి తిరిగారు. "ఏమ్మా, కాలనీలో ఎవరిని అడిగినా ఆ పిల్లను చూడలేదంటున్నారు. నిజంగా ఉందా? లేక పుస్తకాలు ఇంకెవరికైనా అద్దెకు తిప్పుతున్నావా?"

"గట్లెందుకు తిప్పుత సార్? పిల్లున్నది."

"అయితే తీసుకురా! నా కళ్ల ముందు నిలబెట్టు. లేదంటే నీ కార్డు రద్దు, ఈ బీరువాకి తాళం. నవలలు తీసేసి గైడ్లు పెట్టిస్తాను."

"నిలబెడితే తాళమెయ్యవు గద?"

"వెయ్యను. మాటంటే మాటే."

సాలమ్మ తల వంచుకుంది. ఉన్నచోటి నుంచి అంగుళం కూడా కదల్లేదు.

"చూశారా? ఉంటే గదా తేవడానికి!" దామోదర్ గారు బీరువా తాళంచెవి కోసం చెయ్యి చాచారు.

నీరజ తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

"ఇవ్వను సార్. దీనికి తాళం పడాలంటే ముందు నన్ను బయటికి పంపాలి. వద్దు అనే మాట ఆ పిల్లకు ఇంట్లో ఎవరూ నేర్పరు, బళ్లో ఎవరూ నేర్పరు. ఇక్కడ నేర్చుకుంటోంది. అది కూడా లాక్కుంటారా?"

"కమిటీ ముందు పెడతాను!"

"పెట్టండి. నేనూ వస్తాను. మొదటి పేజీ నుంచి చదివి వినిపిస్తాను. ఏ ముక్క తప్పో అక్కడ చెప్పండి."

ఆయన కుర్చీలో చతికిలబడ్డారు.

నీరజ బల్ల చుట్టూ తిరిగి వచ్చి సాలమ్మ చెయ్యి పట్టుకుంది. "సాలమ్మా, భయపడకు. నాకు నిజం చెప్పు. ఆ పిల్లకు బలవంతంగా పెళ్లి చేస్తున్నారు కదూ? ఎవరు చేస్తున్నారో చెప్పు చాలు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపిస్తాను."

సాలమ్మ మెల్లగా తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి గానీ గొంతులో వణుకు లేదు.

"నువ్వాపలేవు బిడ్డా. చేసేసిన్రు."

"అయ్యో! ఎప్పుడు?"

సాలమ్మ చెయ్యి విడిపించుకుంది. నీరజకు కాదు, నేరుగా దామోదర్ గారి ఎదుటికి నడిచి, ఆయన కళ్లలోకి చూస్తూ చెప్పింది.

"నలభై ఏండ్లాయె. నిలబెట్టుమన్నవ్ గద సార్, ఇగో నిలబడ్డ... ఆ పిల్లను నేనే."