ఎదురు పందెం

వెల్డరు పందెం కింద పది నట్లు ముందుకు తోసి, "పెంచుతున్నా బావా" అన్నాడు.

లేతు మిషను నడిపే బావ తన రెండు ముక్కలూ మళ్లీ ఎత్తి చూసుకున్నాడు. ఇస్పేటు ఏడు, ఆఠీను రెండు. ఒట్టి చెత్త. నడుమ పరిచే ముక్కలు ఇంకా ఒక్కటీ తెరవలేదు. భోజనాల బల్ల మీద ఈ ఒక్క పోకరు ఆటతో శనివారం సెలవు ఎవరిదో తేలిపోవాలి. ఇద్దరికీ ఇవ్వడం కుదరదు, మీలో మీరే తేల్చుకోండని మేస్త్రీ రిజిస్టరు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

"నీ పదికి నా ముప్పై." బావ తన నట్లన్నీ నెట్టేశాడు.

"అయిపోయావోయ్" అన్నాడు మేస్త్రీ వెల్డరుతో. "మీ బావ ఆదిలోనే ఎదురు పెంచాడంటే చేతిలో ఆసులే."

బావకి కావలసిందీ అదే. గొప్ప ముక్కలు పడితే తప్ప ఇన్నాళ్లూ ఎదురు పెంచలేదు. ఆ నమ్మకాన్ని ఇవాళ్టికని దాచుకున్నాడు. శనివారం క్లబ్బులో పోకరు పోటీ ఉంది. ఆ సంగతి ఇంట్లో తెలియదు.

వెల్డరు తల గోక్కున్నాడు. "నిజం చెప్పు బావా. ఉన్నాయా?"

"నీ దగ్గర అబద్ధమాడతానా?"

అనేశాక వాడి మొహంలోకి చూడలేక, చేతి గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"సరేలే. సెలవు నువ్వే తీసుకో." వెల్డరు ముక్కలు వెల్లకిలా పడేశాడు. రెండు రాణులు.

మేస్త్రీ ఆగలేక బావ ముక్కలు లాగి తిప్పాడు. ఏడు, రెండు. "ఓరి నీ తస్సాదియ్యా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు.

వెల్డరు నవ్వలేదు. ఆ రెండు ముక్కల వంకే కాసేపు చూసి, నట్లు ఏరి డబ్బాలో వేయసాగాడు.

"ఆటే కదరా" అన్నాడు బావ.

"ఆటే."

మేస్త్రీ రిజిస్టరు తెరిచి బావ పేరు రాస్తున్నాడు. బావ గొంతు తగ్గించాడు. "నీకేం పని పడింది శనివారం?"

"మీ చిన్నది బళ్లో పరుగుపందెంలో ఫైనల్‌కి వచ్చింది. ఇంటి నుంచి ఒకరు రావాలట. అక్కకేమో ఆసుపత్రిలో డ్యూటీ. నువ్వు రా మావయ్యా అని నన్ను పట్టుకుంది."

"తండ్రిని నేనుండగా... నాతో ఒక్క మాట అనలేదే?"

వెల్డరు ఒకసారి మేస్త్రీ వైపు చూసి, డబ్బా మూత పెట్టాడు.

"అని లాభం లేదంది బావా. నువ్వెన్నిసార్లు కాళ్లు పట్టుకున్నా ఈ మేస్త్రీ సెలవివ్వడటగా."